మినియేచర్లకు ఏ వాష్ ఎంచుకోవాలి: మరకలు, తెల్లపొర, మురికి రంగు రాకుండా

విజయనగరంలో కూర్చుని మినియేచర్లకు (చిన్న బొమ్మలకు) రంగులు వేసేవాళ్ళకు వాష్ దగ్గర, అంటే నీడల కోసం పైన వేసే పలచటి రంగు దగ్గర, ఎదురయ్యే ఇబ్బందులు, యూట్యూబ్‌లో విదేశీయులు చూపించే ఇబ్బందులు పూర్తిగా ఒకటి కావు. వాళ్ళ బల్ల మీద అరగంటలో ఆరిపోయే వాష్ మనకు ఆగస్టు ముసురులో గంటలు గడిచినా తడితడిగానే ఉంటుంది. వాళ్ళు వీధి చివర షాపులో కొనుక్కునే సీసాని మనం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. మనలో చాలామంది బేస్‌కోట్‌కి (వాష్ కింద వేసే అసలు రంగు పొరకి) వాడేది కూడా మినియేచర్ పెయింట్ కాదు, స్టేషనరీ షాపులో దొరికే ఫెవిక్రిల్, కామ్లిన్ రంగులు. అందుకని "ఏ వాష్ మంచిది" అన్న ప్రశ్నకు జవాబు మన వాతావరణాన్ని, మన చేతిలో ఉన్న రంగుల్ని బట్టే చెప్పుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తేడా సీసాలో ఉండటం చాలా తక్కువ. వాష్ కింద ఏ పొర ఉంది, బొమ్మ పైభాగం నున్నగా ఉందా గరుగ్గా ఉందా, ఆ రోజు గాలిలో తేమ ఎంత ఉంది, ఈ మూడూ చూసుకుని వాష్ ఎంచుకుంటే మామూలు రంగులతో కూడా పని చక్కగా వస్తుంది. చూసుకోకపోతే ఎంత ఖరీదైన సీసా తెచ్చినా చివరికి మరకలే కనిపిస్తాయి.

ఉదాహరణలన్నీ రెండు సెట్ల నుంచి తీసుకుంటాను. ఒకటి, బొమ్మల కొలువులో పెట్టుకునే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం: పొడవాటి చింతమాను, దాని కొసన కూర్చున్న పూజారి, ముందు నడిచే తెల్ల ఏనుగు, బెస్తవారి వల, వెనక కోట గోడ. రెండోది 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధం: 28 మిల్లీమీటర్ల సైనికులు, ఫ్రెంచివాళ్ళ ఫిరంగులు. వాష్‌కి ఎదురయ్యే పరీక్షలన్నీ ఈ రెండింట్లోనే ఉన్నాయి. నున్నటి తెలుపు ఉంది, గరుకు బెరడు ఉంది, పంచె కుచ్చిళ్ళు ఉన్నాయి, ఇత్తడి ఉంది, రాయి ఉంది, మన ఒంటి రంగు ఉంది.

ముందు కింద ఏముందో చూడండి

వాష్ అంటే బాగా పలచటి రంగు. ఎత్తుల మీంచి జారి పల్లాల్లో చేరి అక్కడ ఆరుతుంది. దాంతో వేళ్ళ మధ్య, కళ్ళ కింద, మడతల్లో నీడ వస్తుంది. అయితే అది పలచగా ఉంటుంది కాబట్టే కిందపొర ఎలా ఉంటే అలా ప్రవర్తిస్తుంది.

మన దగ్గర అన్నిటికంటే ఎక్కువగా జరిగేది ఇది: వాష్ వేయగానే బేస్‌కోట్ కరిగి కలిసిపోతుంది. ఎర్ర తలపాగా మీద గోధుమరంగు వాష్ వేస్తే ముఖం దాకా ఎరుపు కారుతుంది. ఇది వాష్ తప్పు కాదు. కింద వేసింది పోస్టర్ కలర్ అయి ఉంటుంది. పోస్టర్ కలర్లో రంగుని పట్టి ఉంచేది జిగురు. నీళ్ళు తగిలితే ఆరిన తర్వాత కూడా మళ్ళీ కరుగుతుంది. అక్రిలిక్ అలా కాదు, ఒకసారి ఆరితే నీటికి కదలదు. ఏది వాడారో గుర్తులేకపోతే ఇయర్‌బడ్‌ని తడిపి బొమ్మ అడుగున నాలుగుసార్లు రుద్దండి. దూదికి రంగు అంటితే ఆ బొమ్మ మీద నీళ్ళ వాష్ ఏదీ వేయకూడదు. అప్పుడు రెండు దారులున్నాయి. స్ప్రే వార్నిష్ పల్చగా రెండు కోట్లు వేసి ఆరనిచ్చి తర్వాత అక్రిలిక్ వాష్ వేయడం ఒకటి, నేరుగా ఆయిల్ వాష్‌కి (ఆయిల్ కలర్‌ని స్పిరిట్‌లో కరిగించి వేసేది) వెళ్ళిపోవడం రెండోది. ఈ ఒక్క విషయంలో ఆయిల్ వాష్ స్పష్టంగా మేలు, ఎందుకంటే అందులో నీళ్ళే ఉండవు. వార్నిష్‌ని బ్రష్‌తో మాత్రం వేయకండి, ఆ తడికే పోస్టర్ కలర్ లేచిపోతుంది.

ఇదే ఇబ్బంది ఒక మంచి కంపెనీ రంగుతో కూడా వచ్చింది. ఆర్మీ పెయింటర్ వాళ్ళు 2022లో తెచ్చిన మొదటి స్పీడ్‌పెయింట్ (బేస్, నీడ ఒకే పూతలో ఇచ్చే రంగు) ఆరిన తర్వాత కూడా తడి తగిలితే లేచేది. 2023లో వచ్చిన స్పీడ్‌పెయింట్ 2.0లో దాన్ని సరిచేశారు. సెకండ్‌హ్యాండ్‌లో ఎవరి దగ్గరైనా సెట్ కొంటుంటే సీసా మీద 2.0 అని ఉందో లేదో చూసుకోండి.

వాష్ పరుచుకోకుండా తామరాకు మీద నీళ్ళలా బొట్లుబొట్లుగా విడిపోతోందంటే బొమ్మకి జిడ్డు ఉందని అర్థం. ప్లాస్టిక్ బొమ్మల మీద అచ్చులోంచి తీయడానికి రాసిన నూనె మిగిలి ఉంటుంది. త్రీడీ ప్రింట్ రెజిన్ అయితే సరిగ్గా కడగని రెజిన్ జిడ్డు ఉంటుంది. మన చేతుల చెమట కూడా తక్కువదేమీ కాదు. మొదట్లోనే గిన్నెలు తోమే సబ్బుతో, పాత టూత్‌బ్రష్‌తో కడిగి, ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి ముందు వేసే పొర) వేసి, పని చేస్తున్నంతసేపూ బొమ్మని ఏ సీసా మూతకో అతికించి ఆ మూతని పట్టుకుంటే ఈ బాధ ఉండదు.

ఇక మెరుపు సంగతి. కిందపొర మ్యాట్‌గా, అంటే మెరుపు లేకుండా ఉంటే అది వాష్‌ని అక్కడికక్కడే పట్టుకుంటుంది, ఎత్తులు కూడా కాస్త నల్లబడతాయి. గ్లాస్ (gloss, అంటే మెరిసే) వార్నిష్ ఉంటే వాష్ జారిపోయి గీతల్లోకే చేరుతుంది, ఎత్తులు శుభ్రంగా మిగులుతాయి. చింతమాను బెరడుకి మ్యాట్ కావాలి. తెల్ల ఏనుగుకి గ్లాస్ కావాలి. వాష్ మార్చకుండా ఈ ఒక్క పొర మార్చినా ఫలితం మారిపోతుంది. కొత్త సీసా కొనే ముందు ఇది చేసి చూడమని అందరికీ చెబుతాను.

రెడీమేడ్ అక్రిలిక్ వాష్

సిటడెల్ షేడ్స్, వయెహో వాష్‌లు, ఆర్మీ పెయింటర్ క్విక్‌షేడ్ వాష్‌లు ఈ కోవలోవి. సిటడెల్‌లో నల్లటి నల్న్ ఆయిల్, గోధుమరంగు ఆగ్రాక్స్ ఎర్త్‌షేడ్, చర్మానికి వాడే రైక్‌లాండ్ ఫ్లెష్‌షేడ్ అందరికీ తెలిసినవే. నల్న్ ఆయిల్ పేరులో ఆయిల్ ఉన్నా అది నీటితో కలిసే అక్రిలిక్కే, కొత్తవాళ్ళు కంగారు పడకండి. ఇంకో మాట: సిటడెల్ షేడ్స్ ఫార్ములా 2022లో మారింది. అంతకు ముందు తీసిన వీడియోలో వాష్ ఆరిన తీరు, ఇవాళ మీరు కొన్న సీసాతో అచ్చంగా అలాగే రాకపోవచ్చు.

వీటి బలం పనిలో వేగం. గరుకైనది, మడతలు ఎక్కువున్నది, బొచ్చు, వల, గొలుసు కవచం, తాడు, వీటి మీద బ్రష్‌తో ఒకసారి పూసి వదిలేస్తే చాలు. సిరిమాను బెరడుకీ, బెస్తవారి వలకీ ఇంతకంటే మంచిది లేదు. బలహీనత నున్నటి చోట. డాలు, ఫిరంగి గొట్టం, ఏనుగు పొట్ట లాంటి చోట్ల మరకలు పడతాయి. పైగా ఆరాక దిద్దుకోవడానికి ఉండదు. తడిగా ఉన్న కొద్ది నిమిషాలే మన చేతిలో ఉంటాయి.

బ్రాండ్ల మధ్య తేడా నా దృష్టిలో చిన్నది. సీసా ఆకారం మాత్రం ఆలోచించదగ్గదే. సిటడెల్ మూత తెరిస్తే వెడల్పాటి నోరు, చెయ్యి తగిలితే మొత్తం బల్ల మీదే. వయెహో, ఆర్మీ పెయింటర్ డ్రాపర్ సీసాలు. బొట్లు లెక్కపెట్టుకుని కలుపుకోవచ్చు, ఎండాకాలంలో తొందరగా చిక్కబడవు. సీసా దొరకడమే కష్టంగా ఉన్న చోట ఈ రెండూ పెద్ద విషయాలే.

ఇంట్లో కలుపుకునే వాష్

"రంగులో నీళ్ళు పోస్తే వాష్ అయిపోతుంది కదా" అని చాలామంది అడుగుతారు. కాదు. రంగులో పొడితో పాటు దాన్ని పట్టి ఉంచే అక్రిలిక్ బైండర్ ఉంటుంది. నీళ్ళు ఎక్కువైతే బైండర్ చాలక పొడి విడిపోతుంది. ఆరాక సున్నం రాలినట్టు పొడిపొడిగా, అంచుల్లో గట్టి గీతగా మిగులుతుంది. నీళ్ళతో పాటు మీడియం పోయాలి. మీడియం అంటే రంగు లేని బైండర్, ఆర్ట్ సామాన్ల షాపులో అక్రిలిక్ మీడియం అని అడిగితే ఇస్తారు. మ్యాట్ రకం దొరికితే అదే తీసుకోండి.

కొలత ఇలా మొదలుపెట్టండి: పది బొట్లు మీడియం, పది బొట్లు నీళ్ళు, రెండు బొట్లు రంగు. కాగితం మీద వేసి చూసి రంగుని ఒక్కొక్క బొట్టు పెంచుకోండి. నలుపు ఒక్కటే వాడకండి, దాంట్లో ముదురు గోధుమ కలపండి. ట్యూబులో వచ్చే చిక్కటి అక్రిలిక్ అయితే ముందు విడిగా నీళ్ళతో బాగా కరిగించి తర్వాతే మీడియంలో కలపాలి, లేకపోతే నలకలు మిగిలి పల్లాల్లో చిక్కుకుంటాయి. రంగు బదులు ఇంక్ వాడాలనుకుంటే వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్న డ్రాయింగ్ ఇంకే తీసుకోండి. పెన్నులో పోసే సిరా నీళ్ళు తగిలితే మళ్ళీ కరుగుతుంది, వెలుతురుకి వెలిసిపోతుంది.

కొందరు ఇందులో సబ్బు చుక్క వేయమంటారు. సబ్బు వల్ల నీటి తలతన్యత తగ్గి వాష్ బాగా పరుచుకునే మాట నిజమే. కానీ కాస్త ఎక్కువైతే నురగ వస్తుంది, ఆ బుడగలు పల్లాల్లో ఆరి సన్నటి గుండ్రటి మచ్చలవుతాయి. ఫ్లో ఇంప్రూవర్ (రంగు బాగా పరుచుకోవడానికి ఆర్ట్ షాపుల్లో అమ్మే ద్రవం) దొరికితే అది వాడండి, దొరక్కపోతే అసలు ఏదీ వేయకపోవడమే మంచిది. బుడగలు ఏ వాష్‌లో కనిపించినా ఆరకముందే బ్రష్ మొనతో పగలగొట్టాలి.

ఇంటి వాష్‌కి నేను ఓటేసేది పెద్ద పనులకి. కోట గోడ, నేల, రాళ్ళు, రథం చక్రాలు. విజయనగరం కోట బురుజు ఒక్కటి చేసినా చిన్న సీసా వాష్ మొత్తం తాగేస్తుంది. దానికి కొన్న వాష్ వాడటం డబ్బు దండగ. ముఖాలకి మాత్రం ఇంటి వాష్ వద్దు. ప్రతిసారీ కొలత కాస్త అటూ ఇటూ అవుతుంది. ఇరవై మంది సైనికులు వరసగా నిలబడితే ఒక్కొక్కరి ఒంటి రంగు ఒక్కోలా కనిపిస్తుంది.

ఆయిల్ వాష్

దీన్ని మన దగ్గర ఎవరూ పెద్దగా వాడటం లేదు. నిజానికి మనకి బాగా సరిపోయేది ఇదే అని నా గట్టి నమ్మకం. కావలసింది ఆర్టిస్టులు వాడే ఆయిల్ కలర్ ట్యూబు ఒకటి, వైట్ స్పిరిట్ లేదా వాసన తక్కువున్న మినరల్ టర్పెంటైన్. కామ్లిన్ బర్న్ట్ అంబర్ ట్యూబు ఒకటి కొంటే ఏళ్ళ తరబడి వస్తుంది.

పద్ధతి ఇది. అక్రిలిక్ పని పూర్తయిన బొమ్మకి గ్లాస్ వార్నిష్ వేసి ఒక రోజు ఆరనివ్వండి. అట్టముక్క మీద బఠానీ గింజంత రంగు పిండి ఒక గంట వదిలేయండి. రంగులోని అవిసె నూనె కొంత అట్టలోకి ఇంకిపోతుంది, దాంతో వాష్ త్వరగా, మెరుపు లేకుండా ఆరుతుంది. ఆ రంగుని స్పిరిట్‌లో పలచటి టీ డికాషన్‌లా కరిగించండి. సన్న బ్రష్ మొనతో ఏనుగు చెవి తలకి అతికే గీత దగ్గర తాకించండి. బ్రష్ అక్కడే ఉంటుంది, రంగు మాత్రం గీత వెంట దానంతటదే పాకుతూ చెవి చుట్టూ తిరుగుతుంది. తొండం ముడతల్లో, కాలి గోళ్ళ మధ్య, వీపు మీది గుడ్డ అంచు కింద ఇలా ఒక్కొక్క చోట తాకిస్తూ పోతే చాలు, పూయాల్సిన పనే లేదు. అరగంట, గంట ఆగి, ఇయర్‌బడ్‌ని స్పిరిట్‌లో ముంచి టిష్యూ మీద బాగా అద్ది, ఎత్తుల మీద అంటిన రంగు తుడిచేయండి. పైనుంచి కిందకి తుడిస్తే చార కూడా సహజంగా ఉంటుంది.

అక్రిలిక్‌తో పోలిస్తే ఇక్కడ దక్కేది వ్యవధి. నచ్చకపోతే మర్నాడు కూడా స్పిరిట్‌తో తుడిచేసి మళ్ళీ వేయొచ్చు. కింద ఉన్న అక్రిలిక్‌కి, వార్నిష్‌కి ఏమీ కాదు. నున్నటి చోట అంచు మరక పడితే తుడిస్తే పోతుంది. గాలిలో తేమ ఎక్కువున్నా స్పిరిట్ ఎగిరిపోవడం ఆగదు, మిగిలిన నూనె నిదానంగా గట్టిపడుతుంది.

రంగు ఎంపికలో ఒక కిటుకు ఉంది. అంబర్ మట్టి రంగుల్లో మాంగనీస్ ఉంటుంది, అది నూనెని త్వరగా ఆరేలా చేస్తుంది. నల్ల ఆయిల్ రంగులు చాలా నెమ్మదిగా ఆరతాయి. కాబట్టి నలుపు కావాలనుకున్నా బర్న్ట్ అంబర్‌లో కొద్దిగా నలుపు కలపండి, అచ్చంగా నలుపు వేయకండి.

జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. పెయింట్ షాపులో "థిన్నర్" అని అడిగితే ఎక్కువసార్లు ఎన్‌సీ థిన్నర్ ఇస్తారు. అది అక్రిలిక్‌ని, కింది ప్లాస్టిక్‌ని కూడా కరిగించేస్తుంది. పేరు సరిగ్గా చెప్పి అడగండి. స్పిరిట్ కూడా ప్రైమర్ లేని ప్లాస్టిక్ అతుకుల్లో నిలిచిపోతే అక్కడ ప్లాస్టిక్ పెళుసెక్కి విరుగుతుంది, అందుకే ప్లాస్టిక్ బొమ్మకి వార్నిష్ పొర తప్పనిసరి. కిటికీలు తెరిచి పనిచేయండి. దీపం, అగరొత్తులు దగ్గర్లో ఉండకూడదు. పిల్లలున్న ఇంట్లో సీసా అల్మరా పై అరలో పెట్టండి. చిన్న పిల్లలతో కలిసి రంగులు వేసేవాళ్ళు మాత్రం ఆయిల్ జోలికి వెళ్ళకుండా అక్రిలిక్‌తోనే సరిపెట్టుకోవాలి.

ఎనామిల్ వాష్‌లు, అంటే ఏకే (AK), అమ్మో (AMMO) లాంటి కంపెనీలవి, ఇదే పద్ధతిలో పనిచేస్తాయి. కలుపుకునే పని లేకుండా సీసాలో సిద్ధంగా వస్తాయి. ఆయిల్ ట్యూబు దొరికే ఊళ్ళో వాటికి ఖర్చు పెట్టనవసరం లేదు.

కాంట్రాస్ట్ రంగులు వాష్‌కి బదులు కాదు. సిటడెల్ 2019లో వాటిని తెచ్చింది, తెల్లటి ప్రైమర్ మీద బేస్, నీడ రెండూ ఒకే పూతలో రావడం కోసం. ఆరిన ముదురు బేస్‌కోట్ మీద నీడ కోసం కాంట్రాస్ట్ వేస్తే రంగంతా మారిపోతుంది. సైన్యం మొత్తం త్వరగా పూర్తి చేయాలంటే మాత్రం అదే దారి.

అంచు మరక ఎందుకు పడుతుంది

వాష్ ఆరిన చోట చుట్టూ గట్టి గీత, మధ్యలో వెలవెలబోయిన రంగు. అందరికీ ఎదురయ్యే సమస్య ఇదే. కాఫీ చుక్క ఆరినప్పుడు అంచున ముదురు వలయం ఎందుకు పడుతుందో చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 1997లో నేచర్ పత్రికలో వివరించారు. చుక్క అంచు ఒకచోట అతుక్కుపోతుంది. అంచున నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోంచి నీరు అంచుకి పారుతూ రంగు రేణువుల్ని కూడా మోసుకుపోతుంది. మన వాష్‌లో జరిగేదీ అచ్చంగా అదే.

కారణం తెలిస్తే మందు కూడా తెలుస్తుంది. నున్నటి చోట చుక్కలా నిలవకూడదు. ఫిరంగి గొట్టం మీద వేస్తే గొట్టం మొత్తం ఒకేసారి, పల్చగా, ఒక అతుకు నుంచి ఇంకో అతుకు దాకా వేయండి. మధ్యలో ఆపితే ఆ ఆపిన చోటే గీత. రెండో బ్రష్ ఒకటి కడిగి, టిష్యూ మీద అద్ది పక్కన పెట్టుకోండి. ఎక్కడ వాష్ గుంటలా నిలిచిందో అక్కడ దాని మొన తాకిస్తే పీల్చుకుంటుంది. ఇది వాష్ వేసిన మొదటి నిమిషంలోనే చేయాలి. పైన పొర కట్టడం మొదలయ్యాక బ్రష్ పెడితే ఆ పొర చిరిగి, కింద తెల్లటి చుక్క, చుట్టూ గట్టు మిగులుతాయి. దాన్ని దిద్దబోతే ఇంకా పెద్దదవుతుంది. కాబట్టి ఆ దశ దాటితే వదిలేయండి. పూర్తిగా ఆరాక బేస్ రంగుని పల్చగా రెండు మూడు పొరలు వేసి గీతని కప్పేయడమే మార్గం.

హెయిర్ డ్రయ్యర్ వాడేవాళ్ళకి ఒక మాట. దగ్గర నుంచి గాలి కొడితే వాష్ పల్లంలోంచి బయటకి నెట్టుకుపోయి ఎత్తుల మీద ఆరుతుంది. ఫ్యాన్ కిందే నేరుగా పెట్టడం కూడా అంతే. కాస్త పక్కకి పెట్టండి.

ఆరాక తెల్లపొర

నల్లటి వాష్ వేస్తే ఆరాక పల్లాల్లో బూజు పట్టినట్టు తెల్లగా కనిపిస్తుంది. దీనికి మూడు కారణాలు, మూడూ వేరు.

మెరుపు రాకుండా వాష్‌లో సన్నటి మ్యాట్ పొడి కలుపుతారు. అది సీసా అడుక్కి దిగిపోతుంది. కదపకుండా పైది వాడితే మెరుస్తుంది, అడుగుది వాడితే తెల్లబడుతుంది. ఒక నిమిషం పాటు గట్టిగా కదిపి, బుడగలు దిగేదాకా ఆగి వాడాలి. రెండోది, నీళ్ళు ఎక్కువ పోయడం, దాని సంగతి పైన చెప్పాను. మూడోది మన నీళ్ళే. బోరు నీళ్ళలో లవణాలు ఎక్కువుంటే నీరు ఆవిరయ్యాక అవి మిగులుతాయి. గీజర్‌లో, బకెట్ అంచున పేరుకునే తెలుపు అదే. బ్రష్ కడగడానికి బోరు నీళ్ళు ఫరవాలేదు, వాష్‌లో కలపడానికి మాత్రం ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఒక్క డబ్బా కొంటే చాలాకాలం వస్తుంది.

ఏ కారణంతో వచ్చినా తెల్లపొర మీద ముందు గ్లాస్ వార్నిష్ పల్చగా బ్రష్‌తో వేసి చూడండి. ఎక్కువసార్లు నలుపు తిరిగి వస్తుంది. దాని మీద మ్యాట్ వార్నిష్ వేసి మెరుపు తగ్గించుకోవచ్చు.

తెలుపు, ఒంటి రంగు, ఇత్తడి

వాష్ వేయగానే తెల్ల పంచె కాస్తా బురదలో దొర్లినట్టు అయిందని చాలామంది బాధపడతారు. తెలుపు మీద నలుపు వాష్ వేయకూడదు. ఎండలో తెల్ల బట్ట మడతలో నీడ నల్లగా ఉండదు, లేత నీలం కలిసిన బూడిద రంగులోనో, లేత గోధుమలోనో ఉంటుంది. పొందూరు ఖద్దరు పంచెని కిటికీ దగ్గర వేలాడదీసి చూస్తే ఆ రంగు తెలుస్తుంది. రెడీమేడ్ వాష్‌లో నాలుగింతలు మీడియం కలిపి, పంచె అంతా పూయకుండా కుచ్చిళ్ళ మధ్య గీతల్లో మాత్రమే వేయండి. ఆరాక కుచ్చిళ్ళ ఎత్తుల మీద మళ్ళీ తెల్లగా దిద్దండి. పసుపుకీ ఇంతే. నలుపు వేస్తే పసుపు ఆకుపచ్చగా మారి చచ్చిపోతుంది, దానికి ఎర్రటి గోధుమ వాష్ కావాలి.

ఒంటి రంగు దగ్గర విదేశీ సలహాలు మనకి సరిగ్గా పనికిరావు. రైక్‌లాండ్ ఫ్లెష్‌షేడ్ లేత చర్మాన్ని దృష్టిలో పెట్టుకున్న ఎర్రటి వాష్. చామనఛాయ బేస్ మీద అది వెచ్చదనం ఇస్తుంది, బాగుంటుంది. నల్లటి ఒంటి మీద వేస్తే మాత్రం అసలు కనపడదు. వాష్ ఎప్పుడూ బేస్ కంటే ముదురుగా ఉండాలి కదా. అక్కడ ఆగ్రాక్స్‌లో కొద్దిగా నల్న్ ఆయిల్, వీలైతే ఒక చుక్క ఊదా రంగు కలిపి వేయండి. కళ్ళ గుంటల్లో, పెదవి కింద, మీసం అంచున నిలిచినదాన్ని బ్రష్‌తో పీల్చేయండి. 28 మిల్లీమీటర్ల బొమ్మలో ముఖం చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. కంటి దగ్గర ఒక చుక్క ఎక్కువైతే కన్నే కనపడకుండా పోతుంది.

ఇత్తడి రంగు మీద మ్యాట్ వాష్ వేస్తే మెరుపు చచ్చిపోతుంది. బుడితి ఇత్తడి సామాను పాతబడ్డాక చూడండి, నగిషీ గీతల్లో ముదురు గోధుమ ఉంటుంది, ఎత్తులు చేతులు తగిలి మెరుస్తూనే ఉంటాయి. అది కావాలంటే గీతల్లో మాత్రమే ఆయిల్ వాష్ వేసి ఎత్తులు తుడవండి. అక్రిలిక్కే వాడాలనుకుంటే అందులో గ్లాస్ మీడియం కలిపి వేసి, తర్వాత ఎత్తుల మీద ఇత్తడి రంగు మళ్ళీ ఆన్చండి.

కాలాన్ని బట్టి

ఏప్రిల్, మే నెలల్లో వాష్ అంచు మనం చూస్తుండగానే ఆరిపోతుంది. అప్పుడు అక్రిలిక్‌లో కాస్త మీడియం ఎక్కువ కలపండి, లేదా పొద్దున్నే పని చేసుకోండి. జూన్ నుంచి అక్టోబరు దాకా మన జిల్లాల్లో తేమ 80 శాతం దాటే రోజులు మామూలే. వాష్ పైకి ఆరినట్టు కనిపించినా లోపల మెత్తగా ఉంటుంది. ఎత్తుల మీద దిద్దే పని మర్నాటికి వాయిదా వేయండి. స్ప్రే వార్నిష్ అయితే ఆ నెలల్లో వాన పడుతున్నప్పుడు అసలు వాడొద్దు, తేమకి వార్నిష్ తెల్లగా పాలిపోయి బొమ్మంతా పొగమంచులా అవుతుంది. బ్రష్‌తో వేసే వార్నిష్‌కి ఆ భయం తక్కువ. పోస్టర్ కలర్ వాళ్ళు మాత్రం పొడి ఎండ వచ్చే రోజు దాకా ఆగాల్సిందే.

ఆయిల్ వాష్ మీద చివరి వార్నిష్ వేయడానికి ఎండాకాలంలో మూడు నాలుగు రోజులు, ముసురులో వారం దాకా ఆగండి. ఆ లోపు దుమ్ము అంటకుండా బొమ్మ మీద ఏదైనా పారదర్శక డబ్బా బోర్లించండి. సిరిమానోత్సవం విజయదశమి తర్వాతి మంగళవారం. కొలువులో ఆ సెట్ పెట్టాలనుకుంటే ఏనుగు పని వినాయక చవితి నాటికే మొదలుపెడితే టెన్షన్ ఉండదు.

ఎవరికి ఏది

ఇప్పుడే మొదలుపెట్టేవాళ్ళు గోధుమరంగు అక్రిలిక్ వాష్ ఒక్కటే కొనండి. నలుపు తర్వాత. గోధుమ దాదాపు అన్నిటికీ సర్దుకుంటుంది, నలుపు తొందరపడితే అన్నిటినీ మురికి చేస్తుంది. దాంతో పాటు మ్యాట్ మీడియం ఒక సీసా తీసుకుంటే ఆ వాష్‌నే మూడు నాలుగు చిక్కదనాల్లో వాడుకోవచ్చు.

సైన్యాలు, గుంపులు వేసేవాళ్ళకి అక్రిలిక్కే సరి, వేగం ముఖ్యం కాబట్టి. రథాలు, ఏనుగులు, ఫిరంగులు, బండ్లు వేసేవాళ్ళు ఆయిల్ నేర్చుకోండి, అక్కడ నున్నటి భాగాలే ఎక్కువ. పోస్టర్ కలర్ మానలేనివాళ్ళకీ ఆయిలే. కోటలు, నేలలు కట్టేవాళ్ళు ఇంట్లోనే కలుపుకోండి. ఒకే సెట్లో ఈ మూడూ వాడటంలో తప్పేమీ లేదు, వరస మాత్రం తప్పకూడదు: ముందు అక్రిలిక్, తర్వాత గ్లాస్ వార్నిష్, ఆ పైన ఆయిల్, చివర్లో మ్యాట్.

వాష్ పూర్తిగా చెడిపోయిన బొమ్మని దిద్దాలా, కడిగేయాలా అన్న ప్రశ్న మిగిలింది. ముఖంలో, వేళ్ళలో ఆకారం ఇంకా స్పష్టంగా ఉంటే పైన పల్చగా రంగు వేసి దిద్దండి. పొరల మీద పొరలు పడి మీసం, కుచ్చిళ్ళు పూడిపోతే కడిగేయడమే నయం. అక్రిలిక్ రంగు తీయడానికి గోధుమరంగు డెట్టాల్ లిక్విడ్‌లో బొమ్మని ఒక రాత్రి ముంచి ఉంచి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే వచ్చేస్తుంది. చేతులకి గ్లవ్స్ వేసుకోండి. రంగంతా వచ్చేదాకా డెట్టాల్‌తోనే రుద్దాలి, మధ్యలో నీళ్ళు పోస్తే ఊడిన రంగంతా జిగురులా మారి బొమ్మకే అంటుకుంటుంది. అంతా వచ్చాక తాజా డెట్టాల్‌లో ఒకసారి జాడించి, ఆ తర్వాత సబ్బు నీళ్ళతో కడిగి, బాగా ఆరాక మళ్ళీ ప్రైమర్ వేసుకోవచ్చు.